మామయ్యకు పడిన మందు

"ఆ గుప్పిట తెరవండి అత్తయ్యా!"

మాస్కుల మీదుగా వార్డంతా కళ్లప్పగించి చూస్తోంది. అంతమంది ముందు, తెల్లకోటు వేసుకున్న కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది! గుప్పిట్లో చెమటకు తడిసిన మాత్రలు... పక్క మంచం మీది బస్సు డ్రైవరువి. అతని భార్యే జాలిపడి, "సగం మీ ఆయనకి వెయ్యండక్కా" అంటూ చాటుగా ఇచ్చింది.

మామూలు మందులకు లొంగని మొండి క్షయ అది. ఆ ఆసుపత్రిలో దానిమీద పరిశోధన జరుగుతోంది. కొందరికి పాత పద్ధతిలో ఇంజక్షన్లు, కొందరికి కొత్త మాత్రలు. ఎవరికి ఏదన్నది కంప్యూటరే తేలుస్తుంది. ఆ పరిశోధన నడిపే డాక్టరు సాక్షాత్తూ ఆమె కోడలే! అయినా దర్జీ పని చేసే ఆమె భర్తకు ఇంజక్షనే పడింది.

"నువ్వు తలుచుకుంటే మార్చలేవా? మామగారు కాబట్టి ఊరుకున్నావు. నీ కన్నతండ్రైతే ఇలాగే వదిలేస్తావా?" ఆమె చెయ్యి విదిలించుకుంది.

"మా నాన్నైనా ఇంతే అత్తయ్యా!" కోడలి కళ్లలోనూ నీళ్లు... "మందు చెరిసగం పంచితే ఆ క్రిమి చావదు, రాటుదేలుతుంది. ఇద్దర్నీ పోగొట్టుకుంటాం! అసలు ఆ మాత్రలే మంచివని మీకెవరు చెప్పారు? నాకే తెలీదు. తెలిస్తే ఈ పరిశోధనెందుకు?"

మంచం మీద ఆయన దగ్గుతూనే నవ్వాడు. "ఏమేవ్, ఎవరి మాత్రలు వాళ్లకిచ్చెయ్. ఈ ఇంజక్షన్లతో చెవులకి ముప్పుండొచ్చని కూడా చెప్పారు, అన్నీ వినే సంతకం పెట్టాను. కొలతలు తీసుకున్నాక గుడ్డ మార్చెయ్యడం మన కొట్లో ఉందా?"

క్షయ తగ్గింది. కానీ... వినికిడి తగ్గుతోందని పరీక్షలో తెలియగానే ఇంజక్షన్లు ఆపి మందు మార్చినా, పోయిన చెవులు తిరిగి రాలేదు! "నీ సణుగుడు తప్పిందే, అదృష్టవంతుణ్ణి" అని ఆయన జోకులేస్తుంటే, ఆమె వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. కోడలితో మాటలు మానేసింది. కంచంలో అన్నం పెట్టేది, అంతే. కొడుకు ఇద్దరి మధ్యా నలిగిపోయాడు.

ఒక సాయంత్రం కోడలు చెప్పులైనా విప్పకుండా వచ్చి మామగారి పాదాల దగ్గర కూలబడింది.

"అత్తయ్యా... పరిశోధన గడువుకంటే ముందే ఆపేశారు. కొత్త మాత్రలే మేలని తేలిపోయింది. బతికినవాళ్లూ ఎక్కువ, చెవులూ నిలిచాయి. ఇంజక్షన్ల మీదున్న వాళ్లందరికీ రేపట్నుంచి మాత్రలే. ఆరోజు మామయ్యగారికి అవే పడుంటే..." ఆయన మోకాళ్ల మీద తల వాల్చేసింది.

అత్తగారి గుండె భగ్గుమంది. ఇన్నాళ్లూ దాచుకున్న ఎత్తిపొడుపు నాలుక చివరిదాకా వచ్చింది!

"ఏంటంటోంది?" అన్నాడాయన. ఆయన చదవగలిగేది భార్య పెదవుల్నే. ఆమె ఎదురుగా కూర్చుని, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఇక... ఎవరికీ... ఆ సూది... వెయ్యరట. మీలాంటివాళ్ల వల్లే... తేలిందట."

చెబుతూ చెబుతూ ఉంటే ఆ మాట ఆమెకే అప్పుడు అర్థమైంది!

"అయితే నా చెవులు ఊరికే పోలేదన్నమాట!" ఆయన ముఖం వెలిగిపోయింది. కోడలి తల మీద చెయ్యేశాడు. "మామగారని నన్నొక్కణ్ణీ మార్చేసుంటే నీ లెక్క ఎవరు నమ్మేవారమ్మా? మంచిపని చేశావు."

ఆమె ఇక ఆగలేకపోయింది. కోడల్ని రెండు చేతులా లేపి గుండెకు హత్తుకుంది. "నువ్వు వంగలేదని ఇన్నాళ్లూ కుమిలిపోయానే తల్లీ! ఆవేళ వంగుంటే రేపు ఎంతమంది చెవులు పోయేవో..."

పక్కింటావిడ కంగారుగా గుమ్మంలోకొచ్చింది. "ఏడుపులు వినిపిస్తున్నాయి, ఏమైంది వదినా?"

కళ్లు తుడుచుకోకుండానే ఆమె తలెత్తింది.

"ఏడుపు కాదు, పొగరు! ఈ జబ్బుకి ఏ మందు వెయ్యాలో తేల్చినవాళ్లు ఇద్దరు మా ఇంట్లోనే ఉన్నారు. లోపలికి రా, చూద్దువుగాని!"