ఉన్నమాట చెప్పే కోడలు

"ఒక్క అబద్ధం! ఒకే ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది ఫెన్నా?"

వంటింట్లో నిలబడి డెనీస్ అరుస్తోంది. కేకు కోసిన కత్తి ఇంకా చేతిలోనే ఉంది... దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేదామెకు! పక్క గదిలో బల్ల మీద సగం కోసిన పుట్టినరోజు కేకు, చుట్టూ ఖాళీ కుర్చీలు. పుట్టినరోజు ఎవరిదో ఆ మనిషి మాత్రం, డెబ్బై రెండేళ్ళ మాక్సీన్, తన పడకగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఇంతసేపైనా లోపల్నుంచి చడీచప్పుడూ లేదు.

ఫెన్నా ఆ ఇంటి కోడలు. హాలండ్‌లో గ్రోనింగెన్ పిల్ల. మాక్సీన్ కొడుకు కర్టిస్‌ని చేసుకుని ఒహాయోలోని ఈ చిన్న ఊరికి వచ్చి పదకొండేళ్ళయింది. మనసు వెన్న, కానీ మాట మాత్రం కుండబద్దలు! ఆడపడుచు డెనీస్‌కి మొదటినుంచీ అదే గిట్టదు.

జరిగింది ఇంతే. మాక్సీన్ కొత్త నీలం స్వెట్టరు వేసుకుని, మందుల వల్ల జుట్టు ఊడిపోయిన తలకి విగ్గు పెట్టుకుని, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. కాన్సరు తిరగబెట్టి ఎనిమిది నెలలు. "ఎలా ఉన్నానర్రా?" అంది నవ్వుతూ. "దివ్యంగా ఉన్నావమ్మా!" అంది డెనీస్. "పెళ్ళికూతురిలా ఉన్నావు!" అన్నాడు కర్టిస్. వచ్చే ఎండాకాలం అందరూ సరస్సు దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుందామని, అమ్మకి నీళ్ళకెదురుగా ఉండే గది ఇద్దామని అక్కాతమ్ముళ్ళు ఉత్సాహంగా మాట్లాడేసుకుంటున్నారు. మాక్సీన్ వాళ్ళ మాటలన్నీ విని, మెల్లిగా కోడలి వైపు తిరిగింది. "మరి నువ్వేమంటావు ఫెన్నా?" అని అడిగింది.

అత్తగారు అడిగిన ఇలాంటి ప్రశ్నకి కోడలు ఏం చెప్పాలో మనకెవరూ నేర్పక్కర్లేదు. కానీ ఫెన్నా ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. "స్వెట్టరు బావుంది. కానీ మీ కళ్ళు పచ్చబడ్డాయి మాక్సీన్. పోయిన నెలకంటే బాగా చిక్కిపోయారు. వచ్చే ఎండాకాలం దాకా మీరుంటారని నాకనిపించడం లేదు... మీకేమనిపిస్తోంది?" అంది!

మాక్సీన్ ఫోర్కు కింద పెట్టి, లేచి వెళ్ళిపోయింది.

"అడిగారు... చెప్పాను," అంది ఫెన్నా ఇప్పుడు, పాలిపోయిన ముఖంతో. "నన్ను చూసి మరీ అడిగారు డెనీస్. తెలిసి తెలిసి అబద్ధం చెప్తే ఆవిడ్ని పసిపిల్లని చేసినట్టు కాదూ?"

"నీతులు చెప్పకు! నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నీ నోటికి ఏ ఊరూ చాలదు! మా అమ్మ పోరాడుతోంది. బతకాలని పోరాడుతోంది! పుట్టినరోజు నాడు చావుమాట తెచ్చి పళ్ళెంలో వడ్డించావు కదే..." డెనీస్ కత్తిని సింకులోకి గిరాటేసింది. "ఇంకోసారి మా అమ్మ గడప తొక్కావంటే ఊరుకోను. చెప్తున్నా!"

ఫెన్నా గుమ్మంలో నిలబడ్డ మొగుడి వైపు చూసింది. పదకొండేళ్ళలో ఎన్నోసార్లు ఆమె మాటకి నవ్వేసి, "మావాళ్ళు చెప్పని నిజాలన్నీ మా ఆవిడ చెప్తుంది" అని వెనకేసుకొచ్చిన మనిషి! ఈసారి కర్టిస్ కారు తాళాలు తీసుకుని, "పద," అన్నాడు. అంతే.

ఆ తరువాతి రోజుల్లో ఆ ఇంట్లో ఇద్దరు మనుషులున్నారన్నమాటే గానీ మాటన్నది లేదు. కర్టిస్ వేళకి వచ్చేవాడు, పెట్టింది తినేవాడు, లేచిపోయేవాడు. ఫెన్నా ఎప్పటిలాగే పొద్దున్నే రొట్టె మీద చాక్లెట్ తురుము చల్లుకుని తినేది, సైకిలు మీద బజారుకి వెళ్ళొచ్చేది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళెవరూ సైకిలు మీద బజారుకి పోరు. "కారు చెడిపోయిందా తల్లీ? దింపమంటావా?" అని ఇప్పటికీ ఎవరో ఒకరు జాలిగా ఆపి అడుగుతారు. కాపురానికొచ్చిన కొత్తలో కొట్లో బిల్లు వేసే పిల్ల "ఎలా ఉన్నారు?" అంటే, నిన్నటినుంచి కడుపునొప్పి అని వివరంగా చెప్పిన మహాతల్లి ఈ ఫెన్నా! "ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం" అని పక్కింటావిడ అంటే సంచీలోంచి డైరీ తీసి "గురువారం కుదురుతుందా?" అని అడిగింది. ఆవిడ తెల్లముఖం వేసింది. ఇలాంటివి తలుచుకుని తనలో తనే నవ్వుకునేది ఫెన్నా. ఇప్పుడు నవ్వు రాలేదు. యథార్థవాది లోకవిరోధి అంటారు... లోకం విరోధమైతే భరించవచ్చు, కట్టుకున్నవాడే విరోధి అయితే ఎలా!

తండ్రి గుర్తొచ్చాడామెకు. ఆరేళ్ళ క్రితం గ్రోనింగెన్ నుంచి ఫోన్ చేసి, "ఫెన్నా, నా పని అయిపోయింది. వస్తే వచ్చేవారంలోగా రా. ఆ తరువాత వచ్చినా నేను మాట్లాడలేను," అన్నాడాయన. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు! ఆమె పరుగున వెళ్ళింది. నాలుగు రోజులు ఆయన మంచం పక్కన కూర్చుని అన్నీ మాట్లాడుకున్నారు... చిన్నప్పుడు కొట్టిన దెబ్బతో సహా. అంత్యక్రియల తరువాత వచ్చినవాళ్ళకి కాఫీతో పెట్టే కేకు ఏదుండాలో కూడా ఆయనే చెప్పాడు. "మీ పెద్దమ్మ చావుకి పెట్టిన ఎండు కేకు మాత్రం వద్దు, గొంతు దిగదు!" అని. ఏడుస్తూ నవ్వారందరూ. నాన్న అబద్ధం చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులు తనకి దక్కేవా?

అయినా... అత్తగారి తలుపు మూసుకున్న చప్పుడు చెవుల్లోంచి పోవడం లేదు. తప్పు చేశానా? జీవితంలో మొదటిసారి ఆ అనుమానం ఆమెను కుదిపేసింది.

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ కర్టిస్ ఉన్నట్టుండి అన్నాడు. "నాకు తెలీదనుకున్నావా ఫెన్నా? అమ్మ కళ్ళు నేనూ చూశాను. కానీ ఎవరూ అనకపోతే... అనకుండా ఉన్నంతకాలం అది రాదేమో అని ఒక పిచ్చి ఆశ. నువ్వు అనేశావు. ఇక దాక్కోవడానికి నాకు చోటు లేకుండా పోయింది!" నలభై ఐదేళ్ళ మగాడు చిన్నపిల్లాడిలా మోచేతిలో ముఖం దాచుకున్నాడు. అతని వీపు మీద చెయ్యి వేసి ఫెన్నా అలాగే నిలబడిపోయింది.

మంగళవారం ఫోన్ మోగింది. అత్తగారు!

"ఫెన్నా, ఒకసారి రా. సైకిలు మీదే రా. గుమ్మం ముందు కారు చప్పుడైతే ఎదురింటావిడ డెనీస్‌కి ఫోన్ కొట్టేస్తుంది."

"గడప తొక్కొద్దంది డెనీస్..."

"గడప నాది తల్లీ, దానిది కాదు!"

సైకిలెక్కి వెళ్ళింది ఫెన్నా. మాక్సీన్ తలుపు తీసింది. విగ్గు లేదు, పెదాలకి రంగు లేదు. పాత గౌనులో ఎముకల గూడులా ఉంది.

"చెప్పు, ఎలా ఉన్నాను?"

"ఆ రోజుకంటే ఇంకా పచ్చగా ఉన్నారు మాక్సీన్," అంది ఫెన్నా.

మాక్సీన్ నవ్వింది. నవ్వీ నవ్వీ తలుపు పట్టుకుని ఏడ్చింది. కోడలు ఆమెను పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది.

"ఆ రోజు నా వల్లే కదా లోపలికెళ్ళిపోయారు... అంత బాధ పెట్టానా?"

"ఏడవడానికి వెళ్ళానే పిచ్చిదానా! ఎనిమిది నెలల ఏడుపు కడుపులో దాచుకున్నాను. వాళ్ళ ముందు కన్నీళ్ళు పెడితే నేను ఓడిపోయినట్టట! 'నువ్వు గట్టిదానివమ్మా, గెలుస్తావమ్మా'... అబ్బ! ఈ ఇంట్లో నన్ను జబ్బు మనిషిగా ఉండనివ్వలేదు ఎవ్వరూ. డాక్టరు నన్ను ప్రశ్న అడిగితే జవాబు డెనీస్ చెప్తుంది. ఇప్పుడు చికాగోలో ఏదో కొత్త మందు ఉందట. సోమవారం బయల్దేరదీస్తోంది. నాకు ఓపిక లేదు ఫెన్నా... ఇంకో సూది వద్దు. నా మంచం మీద, నా కిటికీ పక్కన పోతాను." కోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు చెప్పవే దానికి. నీకెలాగూ చెడ్డపేరు వచ్చేసింది కదా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఫెన్నా తల అడ్డంగా ఊపింది.

"నేను చెప్పను మాక్సీన్."

"నువ్వా? నువ్వు చెప్పలేవా!"

"నా కంటికి కనబడింది నేను చెప్తాను. మీ మనసులోది మీరే చెప్పాలి. నా నోట వింటే డెనీస్ జన్మలో నమ్మదు, నేనే నూరిపోశానంటుంది. మీరు చెప్పండి. నేను పక్కన కూర్చుంటాను, కదలను."

ఆ మాట పూర్తి కాకుండానే తలుపు ధడాలున తెరుచుకుంది. డెనీస్! చేతిలో సూప్ గిన్నె. గుమ్మంలో సైకిలు చూసినప్పుడే ఆమె ముఖం జేవురించింది.

"ఎంత ధైర్యం నీకు! కర్టిస్, నీ పెళ్ళాం ఇక్కడుంది... వచ్చి తీసుకుపో!" అని ఫోన్‌లో కేకలు వేసింది. అతను దగ్గర్లోనే పనిలో ఉన్నాడేమో, రొప్పుకుంటూ వచ్చేశాడు. ఫెన్నాకి లేచి పారిపోవాలనిపించింది. మాటిచ్చింది గనుక కదల్లేదు. అత్తగారి చల్లటి చెయ్యి తన చేతిలోనే ఉంచుకుంది.

"కూర్చోండి ఇద్దరూ," అంది మాక్సీన్. "డెనీస్, నేను చికాగో రాను."

"అమ్మా, నువ్వు నీరసంగా ఉండి అలా అంటున్నావు. నువ్వు బాగానే..."

"బాగా లేను తల్లీ! చచ్చిపోతున్నాను. నాకు భయంగా ఉంది. ఆ భయం చెప్పుకుందామంటే మీరిద్దరూ నాకు సందివ్వలేదు!"

డెనీస్ చేతిలో గిన్నె జారింది. కర్టిస్ దాన్ని అందుకోకపోతే కిందపడేదే. "నిన్ను వదిలెయ్యలేనమ్మా... నావల్ల కాదు!" అంటూ డెనీస్ నేల మీద కూలబడి తల్లి ఒళ్ళో తల పెట్టేసింది.

"వదలమన్నానా? పక్కన కూర్చోమంటున్నాను. అంతే కదే!"

గుక్కపట్టి ఏడుస్తున్న కూతురి జుట్టు నిమురుతూ, మాక్సీన్ కూడా మనసారా ఏడ్చింది. కర్టిస్ వచ్చి తల్లి రెండో పక్కన కూర్చున్నాడు. ఆ సాయంత్రం చికాగో ప్రయాణం మానేశారు.

ఇక మిగిలిన ఆ కొద్దివారాలూ ఆ ఇంట్లో మాటలే మాటలు! ఎప్పుడో పోయిన తండ్రి గురించి కర్టిస్ అడగలేకపోయినవన్నీ అడిగాడు. నొప్పి వచ్చినప్పుడు మాక్సీన్ "అబ్బా" అని అరిచింది, ఎవరూ ఆమెను గట్టిదానివనలేదు. ఒకరోజు ఆమె హఠాత్తుగా, "ఫెన్నా, ఏటా పండగకి నేను చేసే ఆకుపచ్చ జెల్లీ సలాడ్ నీకు నచ్చేదా?" అంది. "లేదు మాక్సీన్. ఒక్కసారీ నచ్చలేదు." మాక్సీన్ కూతురి వైపు తిరిగింది. డెనీస్ కాసేపు నసిగి, "నాక్కూడా నచ్చదమ్మా. చిన్నప్పుడు కుక్కకి పెట్టేసేదాన్ని!" అని ఒప్పుకుంది. "అందుకేనా దానికి ఎప్పుడూ కడుపు బాగుండేది కాదు!" అంది మాక్సీన్. గది గదంతా పగలబడి నవ్వింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం, కిటికీ పక్కన, కూతురి చేతిలో ఒక చెయ్యి, కొడుకు చేతిలో ఒక చెయ్యి ఉండగా మాక్సీన్ వెళ్ళిపోయింది.

అంత్యక్రియలయ్యాక వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. వంటింట్లో ఫెన్నా కప్పులు కడుగుతుంటే డెనీస్ తుడుస్తోంది. పొద్దుటినుంచీ ఎంతోమంది ఆమెను కౌగిలించుకుని "మీ అమ్మకి నీలాంటి కూతురు ఉండడం అదృష్టం, నువ్వు చెయ్యనిది లేదు" అన్నారు. విన్న ప్రతిసారీ ఆమె ముఖం ఇంకా వాడిపోతూ వచ్చింది.

డెనీస్ చేతిలో కప్పు పట్టుకుని ఆగిపోయింది.

"ఫెన్నా... నిన్నొకటి అడగనా? ఎనిమిది నెలలు ఆస్పత్రుల చుట్టూ తిప్పాను. వద్దంటున్నా వినలేదు. అమ్మని... నేను బాధ పెట్టానా?"

ఫెన్నా కుళాయి కట్టేసింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. లేదని చెప్పెయ్యమని మనసు ఒక్క క్షణం బతిమాలింది. అబద్ధం ఎంత తేలిక! కానీ డెనీస్ ఊళ్ళో అందరినీ వదిలేసి తననే ఎందుకడుగుతోందో ఆమెకు తెలుసు.

"పెట్టావు," అంది మెల్లగా. "చాలా అలిసిపోయారు. నాతో చెప్పి ఏడ్చారు కూడా."

డెనీస్ కళ్ళు మూసుకుంది.

"కానీ నీ మీద కోపం లేదన్నారు. ఒక్క పిసరు కూడా లేదన్నారు. 'దానికి నేనంటే ప్రాణం. అందుకే అంత మొండికేసింది, నేనైనా అదే చేసేదాన్ని' అన్నారు. ఆ మాట కూడా నాతోనే అన్నారు డెనీస్."

డెనీస్ ఆమె ముఖంలోకి చూసింది.

"నిజంగా అందా?"

"అన్నారు."

ఆ రోజంతా ఎందరు ఓదార్చినా రాని ఏడుపు అప్పుడొచ్చింది డెనీస్‌కి. కప్పు పక్కన పెట్టి మరదలి భుజం మీద వాలిపోయింది. మళ్ళీ అడగాల్సిన అవసరం ఆమెకు కనబడలేదు... చెప్పింది ఫెన్నా కదా!