చుక్కలు లేని అక్షరాలు

నాకు చూపూ లేదు, వినికిడీ లేదు. లోకం కబుర్లన్నీ మా చెల్లి చెప్తేనే నాకు తెలుస్తాయి. పక్కగదిలో కూర్చుని అది కంప్యూటర్‌లో టైపు చేస్తే, నా బల్లమీది బ్రెయిలీ డిస్‌ప్లేలో సన్నని పిన్నులు చుక్కలుగా లేస్తాయి. వేళ్లతో తడిమి చదువుకుని, జవాబు టైపు చేస్తాను. ఆ సాఫ్ట్‌వేర్ రాసిందీ చెల్లే.

వారంగా దాని ప్రతి మాట కిందా ఇంకో వరుస వస్తోంది. ప్రతి గడిలోనూ ఎనిమిది పిన్నులూ లేచి నిలబడుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌కి తెలియని అక్షరమొస్తే అంతే.

"ఏం పంపుతున్నావే?" అని అడిగాను.

"నేనేం పంపట్లేదక్కా. ఏవో వింత యూనికోడ్ అక్షరాలు, మన చుక్కల పట్టికలో లేవు. వాటికీ చుక్కలు ఇచ్చేస్తాలే. అప్పుడు నువ్వే చదివి చెప్పు."

ఆ మధ్యాహ్నం కిటికీ ఎండ మెడమీద వెచ్చగా పడుతోంది. అప్పుడే తుడిచిన నేల ఫినాయిల్ వాసన వేస్తోంది. వేళ్ల కింద పిన్నులు కదిలాయి.

"అయిందక్కా. టీ పెట్టుకొస్తా."

కింద రెండో వరుస. ఈసారి చదవగలిగాను.

"అది నేను కాదు. వారంగా పిలుస్తున్నా. దాన్ని దగ్గరికి రానివ్వకు."

వెంటనే టైపు చేశాను. "ఎవరు నువ్వు?" పై వరుసా, కింది వరుసా ఒకేసారి లేచాయి.

"నేనే."

"నేనే."

"చిన్నప్పుడు నిన్నేమని ఏడిపించేదాన్ని?"

"బుడంకాయ."

"బుడంకాయ."

నేల అదిరింది... అడుగులు. టీ వాసన రాలేదు. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాను. ఒక చెయ్యి నా కుడిచేతిని అందుకుంది. కొరికిన గోళ్లు. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. చెల్లే. నా ప్రాణం కుదుటపడింది.

అంతలో ఇంకో చెయ్యి... నా ఎడంచేతిని పట్టుకుంది.

అవే గోళ్లు. అదే మచ్చ.

రెండూ నా అరచేతుల్లో వేలితో రాశాయి. ఒకే మాట.

"దాన్ని వదిలెయ్ అక్కా."

ఏది వదలను? తప్పు చెయ్యి వదిలితే నాకు చెల్లి లేదు. అరిచాను. గొంతు దాటి వచ్చిందో లేదో నాకేం తెలుసు? పక్కింటివాళ్లెవరూ రాలేదు. రెండు చేతుల్నీ గుండెకి అదుముకుని, ఏడుస్తూ అక్కడే కూలబడ్డాను.

రెండూ వెచ్చగా ఉన్నాయి. చాలాసేపు...

తర్వాత ఎడమవైపుది చల్లబడసాగింది. దాని పట్టు సడలుతోంది. నేను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

కుడివైపుది మాత్రం వెచ్చగా, మెల్లగా రాసింది.

"ఇంకాసేపు దాన్ని అలాగే పట్టుకో అక్కా. అయిపోవచ్చింది."