దవడ దర్పణం

2068 జూన్ ఆరు. ఆ పొద్దున నూకరత్నం తిన్నది పల్చటి చోడి అంబలి, అదే రాగిజావ. నంజుకోవడానికి వేయించిన నెత్తళ్ల చేపలున్నా ముట్టలేదు. నోరు రెండు వేళ్ల వెడల్పు తెరిచేసరికి చెవి ముందర టిక్కుమని దవడ కీలు పట్టేసేది.

విశాఖ చేపల రేవులో ఆ కాలానికే నడిపే సరంగులు అక్కర్లేని పడవలు వచ్చేశాయి. చేప ఎక్కడుందో పడవలకే తెలుసు. వేలం మాత్రం ఇంకా మనిషే పాడాలి. యంత్రం పాడితే కొనేవాళ్లకు పౌరుషం రాదు, ధర లేవదు. ఆ గొంతు నూకరత్నానిది. జూన్ పద్నాలుగున వేట నిషేధం ముగిశాక తొలిరోజు ఎవరు పాడితే ఏడాదంతా వేలం వాళ్లదేనని రేవు కట్టుబాటు. వారం పరీక్షలో కీలు నయమైందని తేలితేనే పాడాలని ఆమెకు వైద్యం చేసే డాక్టర్ మృణాళిని షరతు.

ఆ పరీక్ష చేసేది ఆవిడ కనిపెట్టిన దవడ దర్పణం. ఉల్లిపొరంత పలచని బిళ్ల. శాస్త్రవేత్తల మాటలో బయోసెన్సర్, ఆవిడ మాటలో జీవసూచి. చెవి ముందు అంటిస్తే కండరాల బిగువు, నిద్ర, గుండె లయ, గొంతులోని బరువు చదువుతుంది. దవడ కీలు చెడినవారిలో చాలామందికి దిగులు, తలపోటు, నడుంనొప్పి కలగలిసి వస్తాయి. ఏది ఎక్కడ మొదలైందో రోగికే తెలియదు. దర్పణం ఆ చిక్కు విడదీసి కీలు బాధను ఎర్రగీతగా, మనసు బాధను నీలిగీతగా చూపుతుంది. జనం నిఘా అనుకుని జడుస్తారని డాక్టర్ అందులో మనిషి ఆనవాలు నమోదయ్యే ఏర్పాటు పెట్టలేదు.

ఆ మంచితనమే నూకరత్నానికి సందు ఇచ్చింది.

భర్త కన్నయ్య ఒకప్పటి సరంగు. పడవలు తమంతట తాము నడవడం నేర్చాక వలలు బాగుచేస్తూ, వచ్చినవాళ్లను నవ్విస్తూ కూర్చుంటున్నాడు.

"మావా, ఈ బిళ్ల వారం రోజులు నువ్వెట్టుకో. నీది గుర్రం దవడ. సెనగలు నమిల్తే వీదంతా ఇనపడతాది."

"ఎట్టు మరి. నీ బదులు నాను పరీచ్చ రాత్తాను. పాసయితే కోడికూర వండుతావేటి?"

వారం తిరిగింది. నూకరత్నం తెచ్చిన బిళ్లను డాక్టర్ యంత్రంలో పెట్టింది.

"కీలులో దోషం లేదు," అంది యంత్రం.

"ఇక నిక్షేపంగా పాడుకో రత్నమ్మా," అంటూనే డాక్టర్ తెరవైపు వంగింది. నీలిగీత పైఅంచును తాకుతోంది.

"ధరించినవారు నిద్రలో పళ్లు నూరుతున్నారు," యంత్రం నెమ్మదిగా చెప్పింది. "తెల్లవారుజామున మేలుకుని ఉంటున్నారు. నవ్విన ప్రతిసారీ దవడ మరింత బిగుస్తోంది."

"ఇంత దిగులు ఎలా దాచుకున్నావమ్మా? పాటకు అడ్డం లేదు కానీ, మందు ఇవాళే మొదలుపెడదాం," అంది డాక్టర్.

ఊరుకుంటే వేలం తనదే. మందూ తనకే వస్తుంది. తెల్లవారుజామున మేలుకునే మనిషికి మాత్రం రాదు. నవ్వేవాడికి నొప్పేమిటని ఇన్నేళ్లూ అనుకుంది.

"అది నా దవడ కాదమ్మా," అంది నూకరత్నం. "మా ఆయనది."

డాక్టర్ కసరలేదు. "నీది మళ్లీ వారం చూడాలి. తొలిరోజు దాటిపోతుంది, తెలుసుగా?"

"పోనీండమ్మా. ఆయన్నెప్పుడు తీసుకురమ్మంటారు?"

"రేపే."

సాయంత్రం గడపలో వల ఒడిలో పెట్టుకుని కన్నయ్య ఎదురుచూస్తున్నాడు. "ఏటే, పాసయినానా?"

"తప్పావు మావా. తెల్లారగట్ల లెగిసి ఏటి సేస్తన్నావు?"

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. లోపలికి వచ్చి వల ముడి సవరిస్తూ అన్నాడు: "ఇంజను సప్పుడు ఇనపడతాది. లెగుత్తాను. పట్టుకోడానికి సుక్కానుండదు."

నూకరత్నం పక్కన చతికిలబడింది. "ఇంకా సెప్పు."

అతను చెబుతుండగానే రేవులో చేపలమ్మే పొరుగింటి గౌరి వాకిట్లోకి వచ్చింది. "అప్పా, తొలిపాటకి గొంతు సిద్దమేనా?"

నూకరత్నం లేచి గుమ్మంలోకి వెళ్లింది.

"ఈ ఏడు నువ్వు పాడే. మీ బావ మాటాడతన్నాడు."

గౌరి ఏదో అడగబోయింది. నూకరత్నం ఆ పూటకి తలుపు చప్పుడు కాకుండా వేసేసింది.