సారిబెల్ టెస్ట్ బాక్స్

బెయిషెన్ మాస్టారిని చంపినవాళ్ళు ముందు ఆయన పోసిన టీ తాగారు. ఆ తర్వాతే కాల్చారు. బల్ల మీద రెండు కప్పులు, రెండూ ఖాళీ. వర్క్‌షాపు మూలనున్న ఉక్కు బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన పాత టెస్ట్ బాక్స్ లేదు.

ఏజెంట్ జూమార్ట్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఒకప్పుడు కంప్యూటర్ ఫ్యాక్టరీలో అతని చేతికి మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చింది ఈ ముసలాయనే. తప్పు చేస్తే నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్ళీ చేయించిందీ ఆయనే. సీక్రెట్ సర్వీసులో చేరాక జూమార్ట్ చాలా శవాల్ని చూశాడు. ఇంత మంట ఎప్పుడూ పుట్టలేదు.

కల్నల్ ఊమెతోవ్ వెనక నుంచి వచ్చి తలుపు మూశాడు. ఓదార్పు మాటలు ఆయనకి రావు. నేరుగా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"సారిబెల్ డ్యామ్ గేట్లు నడిపేది సోవియట్ కాలం నాటి కంప్యూటర్. నిన్న సరిహద్దులో ఒక విదేశీ టెక్నీషియన్ దొరికాడు. దాంట్లో ఏదో ఒక బోర్డు మీద తమ చిప్ అంటించామన్నాడు. రేపు మధ్యాహ్నం గేట్లన్నీ ఒక్కసారే లేస్తాయన్నాడు. ఏ బోర్డో అడిగేలోపు పంటి కింద విషపు గుళిక కొరికి చచ్చాడు."

"మెషీన్ ఆపేస్తే సరి."

"కరెంటు పోతే గేట్లు వాటంతటవే లేచేలా కట్టారు. తప్పు బోర్డు పీకినా అంతే. ఏది దొంగ బోర్డో చెప్పగలిగింది టెస్ట్ బాక్స్ ఒక్కటే. దేశం మొత్తానికి అదొక్కటే మిగిలింది. అందుకే ఎత్తుకెళ్ళారు."

"అయితే డ్యామ్ కింది లోయ ఖాళీ చేయించండి."

కల్నల్ మొహం తిప్పుకున్నాడు. "ఎలా? రేపు మధ్యాహ్నమే మాస్టారి శవం లేచేది. శవాన్ని ఉంచడానికి ఏటి ఒడ్డున గుడారం వేసేశారు. లోయ లోయంతా అక్కడికే వస్తుంది. శవాన్ని వదిలేసి మనవాళ్ళు కదులుతారా?"

కదలరు. భూకంపం వచ్చినా కదలరు. ఆ సంగతి చంపినవాళ్ళకీ తెలుసు. మాస్టారిని చంపి ఒక దెబ్బకి రెండు పనులు చక్కబెట్టుకున్నారు: బాక్స్ పోయింది, జనం ఏటి ఒడ్డున పోగయ్యారు.

ముఠా పేరు హార్వెస్ట్. దేశం కాని దేశం నుంచి దిగిన పెద్దమనుషులు. లోయ కింద యాంటిమనీ ఖనిజం ఉంది, పైన మనుషులున్నారు. మనుషుల్ని నీళ్ళతో కడిగేస్తే నేల చవగ్గా దొరుకుతుందని లెక్క వేశారు. ఛీ, అదీ ఒక బతుకేనా?

బాక్స్ కొత్తగా తయారు చెయ్యాలని కల్నల్ ఆర్డర్. తోడుగా ఇంకో దారి కూడా ఉందన్నాడు. హార్వెస్ట్ లోపల మనకో ఏజెంట్ ఉంది, పేరు నెసిబెలి. వాళ్ళ దగ్గరున్న నకలు బాక్స్ ఒకటి దొంగిలించి తెస్తానని కబురు పెట్టింది. జూమార్ట్‌కి ఆమె తెలుసు. సర్వీసులో ఆమె తెలియని మగాడు లేడు.

డ్యామ్ చుట్టూ హార్వెస్ట్ కళ్ళున్నాయి కాబట్టి జూమార్ట్ ఎలుకల మందు పెట్టేవాడి వేషంలో వెళ్ళాడు. వీపున స్ప్రే ట్యాంకు, దాని అడుగున మరో అర, అందులో విడిభాగాలు. కంట్రోల్ రూమ్ షిఫ్ట్ ఇంజనీరు తుర్సునాయ్ తలుపు తీసింది. యాభై దాటిన మనిషి, పులి లాంటి గొంతు.

"మీ ఎలుకలు రొట్టె తింటాయా, జున్ను తింటాయా?" జూమార్ట్ కోడ్ వాక్యం అప్పజెప్పాడు.

"వైర్లు తింటాయి. లోపలికి తగలడు," అంది తుర్సునాయ్. కోడ్‌లో ఉన్నది మొదటి మాట వరకే. మిగతాది ఆవిడ సొంతం.

కంప్యూటర్ ఒక గోడంతా ఉంది. బూడిదరంగు ఇనప బీరువాలు, వాటి వెనక ఒక పొడుగాటి సాకెట్. టెస్ట్ బాక్స్ గుచ్చాల్సింది అక్కడే. మెషీన్ తన బోర్డుల్ని వరసగా పిలుస్తుంటుంది, పిలిచిన బోర్డు పలుకుతుంటుంది. బాక్స్ ఆ పిలుపూ పలుకూ వింటూ ఒక్కో బోర్డుకి ఒక్కో దీపం వెలిగిస్తుంది. దొంగ చిప్ మోస్తున్న బోర్డు ఒక్క పిసరు ఆలస్యంగా పలుకుతుంది. దాని దీపం వెనకబడుతుంది. అంతే సంగతి.

పాత బాక్స్ సూట్‌కేసంత ఉండేది. జూమార్ట్ చేసింది బిస్కెట్ డబ్బాలో పట్టింది. బొమ్మ రోబో పొట్టలోంచి పీకిన గోరంత కంట్రోలర్ చిప్పు, కొత్త సంవత్సరం చెట్టుకి చుట్టే రంగు దీపాల దండ, ఫోన్ చార్జరు, బజార్లో కొన్న పొడుగాటి చైనా కనెక్టరు. మాస్టారు చూస్తే ముక్కు విరిచి, ఆ తర్వాత పని చేస్తుందా అని అడిగేవాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా జూమార్ట్ ఐరన్ పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. తుర్సునాయ్ పక్కన కూచుని టీ పోస్తూ, ఏడుపు తర్వాత ఏడవచ్చు ముందు అతుకు సరిగ్గా వెయ్యమని కసిరింది.

మర్నాడు పొద్దెక్కాక బాక్స్ తయారైంది. కనెక్టరు సాకెట్లోకి దిగలేదు. కోపంలో ఉన్న మనిషి ఏం చేస్తాడో జూమార్ట్ అదే చేశాడు. పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది దూర్చాడు. దీపాలన్నీ ఒక్కసారే పిచ్చెక్కినట్టు వెలిగాయి. ఏ బోర్డూ వెనకబడలేదు, ఏదీ ముందూ లేదు. అంతా గోల.

తల్లినీ ఆలినీ కలిపి తిట్టాడు. చిప్పుని తిట్టాడు, దాన్ని చేసినవాణ్ణి తిట్టాడు, చివరికి తనని తాను తిట్టుకుని కనెక్టరు ఊడబెరికాడు. దాని కాళ్ళలో, అంటే పిన్నుల్లో, నడిమివి నిటారుగానే ఉన్నాయి. చివర్లవి పక్కకి వంగిపోయాయి. అది చూశాక గాని అతని బుర్ర వెలగలేదు.

అవతలి దేశాల చిప్పుల్ని చూసి సోవియట్ పెద్దలు తమ చిప్పులు చేసుకున్నప్పుడు అంగుళాల కొలతని మిల్లీమీటర్లలోకి దింపారు. దింపేటప్పుడు కొసరు కొట్టేసి గుండ్రం చేశారు. ఒక కాలికీ పక్క కాలికీ మధ్య తేడా వెంట్రుకంత. చిన్న ప్లగ్గయితే తెలియను కూడా తెలియదు. ఇంత పొడుగాటి దాంట్లో మాత్రం వెంట్రుక మీద వెంట్రుక చేరి, చివరికొచ్చేసరికి కాలు పక్క కన్నంలో పడుతుంది. ఫ్యాక్టరీలో మొదటి వారమే మొట్టికాయతో నేర్పిన పాఠం అది. ఇన్నేళ్ళు అంగుళాల సామానుతో బతికి మర్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని నెసిబెలి వచ్చింది. తెల్లటి ఫర్ కోటు, ఎత్తు మడమల బూట్లు, గది నిండా సెంటు వాసన. తుర్సునాయ్ ముక్కు మూసుకుంది. నెసిబెలి అల్యూమినియం కేసు తెరిచి బల్ల మీద పెట్టింది. లోపల నల్లగా నిగనిగలాడే టెస్ట్ బాక్స్.

"ప్రాణాలకి తెగించి తెచ్చాను, జూమార్ట్. త్వరగా గుచ్చు. టైం లేదు."

జూమార్ట్ దాన్ని చేతుల్లోకి తీసుకుని తిప్పి చూశాడు. కింద కనెక్టరు ఒకటే ముక్క. పొడుగ్గా, తిన్నగా, కొత్తగా ఉంది. తన చైనా కనెక్టరుకి అచ్చు కవల, అదీ అంగుళాలదే.

"దీన్ని ఎక్కడైనా పెట్టి చూశావా?" మామూలుగా అడిగాడు.

"చూడకుండా తెస్తానా? రాజధానిలో ఇలాంటి మెషీనే ఇంకోటుంది కదా, ఇన్‌స్టిట్యూట్‌లో. పొద్దున దానికే పెట్టి చూశాను. వెన్నలో కత్తిలా దిగింది."

జూమార్ట్ ఆ కాళ్ళ వరస మీద బొటనవేలు నడిపాడు. తను గుద్ది దూర్చినా సరిగ్గా దిగని కనెక్టరు ఆమెకి వెన్నలో కత్తిలా దిగిందట. అంటే ఈ బాక్స్ ఏ మెషీన్నీ తాకలేదు. తాకాల్సిన అవసరమూ లేదు, ఇందులో దీపాలు ముందే నేర్పిన పాఠం అప్పజెప్పి ఒక తప్పు బోర్డుని చూపిస్తాయి. దాన్ని మనచేతే పీకిస్తారు. గేట్లు లేచాయా, మన చేతకానితనమే. ఆమె హార్వెస్ట్‌లో మన ఏజెంటు కాదు. మన సర్వీసులో హార్వెస్ట్ ఏజెంటు.

ఒళ్ళంతా భగ్గుమంది. బాక్స్‌ని మాత్రం మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఎలుక దొరికింది," అన్నాడు తుర్సునాయ్‌తో.

నెసిబెలి తెలివైంది. చేతిలోకి లిప్‌స్టిక్ వచ్చింది, దాని మూత ఊడింది, లోపల సన్నటి తుపాకీ గొట్టం. అది జూమార్ట్ గుండెకి గురిపెట్టేలోపు తుర్సునాయ్ చేతిలోని టీ కెటిల్ గాల్లో లేచి ఆ మణికట్టు మీద పడింది. గుండు సీలింగులోకి పోయింది. కాగే టీ ఫర్ కోటు మీదికి పోయింది. జూమార్ట్ ఆమె చేతులు వెనక్కి విరిచి కుర్చీకి కట్టేశాడు.

"ఆయన్ని చంపింది నువ్వేనా?"

నెసిబెలి జుట్టు వెనక్కి విదిలించింది. "తలుపు తనే తీశాడు. చలిలో వచ్చావు, ముందు టీ తాగమన్నాడు. అడగ్గానే బాక్స్ ఇచ్చుంటే బతికేవాడు."

జూమార్ట్ చెయ్యి లేచింది. తుర్సునాయ్ ఆ చెయ్యి పట్టుకుంది. దీన్ని కొట్టడానికి ఏడాది పొడుగునా టైముంది, నీళ్ళకి లేదు, పని చూడమంది. అతను పళ్ళు కొరుకుతూ బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏం చేస్తావు?" నెసిబెలి నవ్వింది. "నీ డబ్బా పనిచెయ్యదు, చూస్తూనే ఉన్నాను. ఈ దేశంలో ఇంకో కనెక్టరు దొరికేసరికి మీ లోయ చేపలకి ఇల్లవుతుంది."

జూమార్ట్ తన కనెక్టరుని బల్ల అంచుకి ఆనించాడు. రంపం తీసుకుని దాన్ని అడ్డంగా కోసేశాడు. ఒక ముక్క, ఇంకో ముక్క, మరో ముక్క. పొడుగ్గా ఉంటేనే కదా వెంట్రుకలు పోగుపడేది. ఏ ముక్కకా ముక్క విడిగా గుచ్చితే తేడా పెరిగే చోటే ఉండదు. వంగిన కాళ్ళు పట్టకారుతో తిన్నగా లాగి, తెగిన చోట్ల వైర్లు అతికించాడు. చేతులు కాలాయి. పట్టించుకోలేదు.

కిందనుంచి మైకులో ముల్లా గొంతు వినబడింది. జనాన్ని నమాజుకి వరసల్లో నిలబడమంటున్నాడు. శవం గుడారంలోంచి బయటికి వచ్చినట్టే.

ముక్కలు ఒక్కొక్కటే సాకెట్లోకి దిగాయి. ఈసారి గుద్దనక్కర్లేకపోయింది. దీపాల దండ ఒక్క క్షణం చీకటైంది, తర్వాత ఎర్రదీ పచ్చదీ నీలందీ ఒకదాని వెంట ఒకటి వరసగా పరుగు మొదలుపెట్టాయి. జూమార్ట్ ముందుకి వంగి చూశాడు. పసుపు దీపం ఒకటి వెనకబడుతోంది. మళ్ళీ చూశాడు. మళ్ళీ అదే.

"అది గాలి వేడి కొలిచే బోర్డు. ఎవరూ దాని మొహం చూడరు," అంది తుర్సునాయ్.

మధ్యాహ్నం కాగానే గేట్ల మోటార్లు మూలిగాయి. నేల అదిరింది. నెసిబెలి మొహంలో నవ్వు పోలేదు. జూమార్ట్ బోర్డుని రెండు చేతులా పట్టుకున్నాడు. తప్పయితే ఈ లోయలో చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని నడిపించిన వాళ్ళు ఒక్కరూ మిగలరు. పీకేశాడు.

మోటార్లు ఆగాయి. ఇనప గేట్లు ఒక్కసారి కిర్రుమని, లేచిన బెత్తెడూ కిందికి దిగి కూచున్నాయి. బోర్డు వెనకవైపు నల్లి లాంటి విదేశీ చిప్పు అంటుకుని ఉంది. నెసిబెలి మొహం పక్కకి తిప్పుకుంది. తుర్సునాయ్ గోడకి ఆనుకుని అక్కడే కూలబడి, మాస్టారి పేరు పెట్టి పిలుస్తూ గట్టిగా ఏడ్చింది.

కల్నల్ మనుషులొచ్చి నెసిబెలినీ, కొండ మీద బైనాక్యులర్లతో కాచుకున్న ఆమె దొరల్నీ పట్టుకెళ్ళారు. జూమార్ట్ ఎలుకల మందు వేషంలోనే కొండ దిగి పరిగెత్తాడు. అప్పటికే పూడ్చేశారు. మాస్టారి గుడారం ముందు, అక్కడి మగవాళ్ళ ఆనవాయితీగా నడుం వంచి, కర్ర ఆనించి, అందరూ ఏడ్చినట్టే తనూ ఎలుగెత్తి ఏడ్చాడు. తట్టాబుట్టా సర్దుకుంటున్న ఆడవాళ్ళు కూడా ఆగి చూశారు.

ఏడుపు ఆగాక మాస్టారి తమ్ముడు దగ్గరికొచ్చాడు. సొంత గురువుని మొయ్యడానికి కూడా తీరిక లేని ఉద్యోగం ఎందుకు తగలబెట్టనా అని అందరి ముందూ చెడామడా తిట్టాడు. జూమార్ట్ తల వంచుకుని ఆ తిట్లు తిన్నాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, ముసలాయన ఏటి వైపు చెయ్యి చూపించాడు.

"వచ్చినవాడివి కనీసం ఒక పని చెయ్యి. ఏట్లో మోకాల్లోతు నీళ్ళు కూడా లేవు, ఇంతమందికి వండిన గిన్నెలు కడగద్దూ? ఆ డ్యామ్‌లో అందరూ మొద్దునిద్ర పోతున్నట్టున్నారు. నీకు గవర్నమెంటులో పలుకుబడుందిగా, గేట్లు కాస్త ఎత్తమను."

జూమార్ట్ కాలిన చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఇవాళ్టికి ఉన్నవాటితో సర్దుకో బాబాయ్," అన్నాడు.