కార్డు వేసిన చెయ్యి

ఊరుబిండి రోట్లో నూరిందా, మిక్సీలో వేసిందా అన్నది ఆ ఉదయం తేలాల్సిన విషయం.

"మిక్సీలో వేసినావు," అన్నాడు ధర్మేంద్ర, వేలికి అంటిన పచ్చడిని నాకి చూసి.

"రోట్లోనే నూరినాను," అంది నందిని.

"రోట్లో నూరితే పంటికి పలుకు తగల్తాది. ఇది పేస్టు మాదిరి ఉండాది."

"నిన్న పలుకు తగిలితే పన్ను నొప్పి అంటిరి. అందుకే ఇంకాస్త మెత్తగా నూరినాను."

అత్తగారు రాఘవమ్మ కంచంలోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "పొద్దున్నే సూసినాను అబ్బయ్యా. రోలు తడి కూడా లేదు."

రోలు కడిగి ఎండలో బోర్లించి ఉంది. ఆ మాట నందిని అనలేదు. పెళ్లికి ముందు నుంచీ ఇంట్లో ఎవరికీ తెలియకుండా పనిచేస్తున్న గూఢచారి శాఖలో ఆమె ఎన్నో ఇంటరాగేషన్లు తట్టుకుంది. ఒకసారి కొలంబో రేవులో, ఓడ గదిలో కుర్చీకి కట్టేసి అడిగినా నోరు విప్పలేదు. అక్కడ అడిగినవాళ్లకు కనీసం జవాబు కావాలి.

ఫోన్ మోగింది.

"అమ్మా, మీరు చెప్పిన మట్టి గాజులు వచ్చాయి. రెండు–ఆరు సైజు."

నందిని చేతికి పట్టేది రెండు–నాలుగు. రెండు–ఆరు అంటే అర్జెంట్.

తిరుపతి గాంధీ రోడ్డులోని గాజుల అంగడి వెనక గదిలో పరంధామయ్య టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఉన్నాడు. కృష్ణా జిల్లా మనిషి. ముందు గదిలో గాజులమ్మే వ్యాపారి, వెనక గదిలో దక్షిణాది ఆపరేషన్స్ చీఫ్. ధర్మేంద్ర ఆ అంగడికి ఎప్పుడూ రాలేదు. భార్యకు గాజులు కొనే అలవాటు ఆయనకు లేదు. అందుకే శాఖ ఈ అడ్డాను అంత సురక్షితమని భావించింది.

"కూర్చో. కష్టమైన వార్త," అన్నాడు పరంధామయ్య. "పులికాట్ సరస్సు అవతలి రాకెట్ కేంద్రం కోసం మీ ఆయన కంపెనీ రాడార్ సాఫ్ట్‌వేర్ రాస్తోంది. ఆ ఫైల్ ఈ సాయంత్రం చంద్రగిరి కోటలో విదేశీ ముఠా చేతికి వెళ్లబోతోంది. మీ ఆయన లాప్‌టాప్ నుంచి."

"ఎలా?"

"లోపల వైర్‌లెస్ కార్డు వేశాడు. బయటికి ఏమీ కనపడదు. ఆన్ చేస్తే చాలు, పక్కనున్న రిసీవర్‌లోకి ఫైల్ దానంతట అదే పోతుంది."

టేప్ నొక్కాడు. ధర్మేంద్ర గొంతు. "కార్డు నేనే వేసినాను మేడం. ఈ మెషీన్లంటే నాకు ఎడం చేతి పని."

నందిని కళ్లు మూసుకుంది.

పోయిన ఆదివారం ఆ కార్డు వేసింది ఆమే. పెద్ద హోటళ్ల లాబీలో వైరు లేకుండా ఇంటర్నెట్ చూసేవాళ్ల మధ్య తానూ కూర్చోవాలని ధర్మేంద్రకు సరదా. పక్కన తోకలా పొడుచుకొచ్చే కార్డు నామోషీ అని, లోపల అమర్చేది తెచ్చాడు. మొదటి స్క్రూ దగ్గరే స్క్రూడ్రైవర్ జారి స్క్రూ తల అరగదీశాడు. "నీ వేళ్లు సన్నం, నువ్వు పట్టు," అని టార్చి పట్టుకున్నాడు. నందిని బ్యాటరీ తీసి, చేతిలోని స్టాటిక్ పోయేందుకు వంటింటి కుళాయిని ముట్టుకుని వచ్చి కూర్చుంది. అడుగు మూత తీస్తే ఖాళీ స్లాట్, పక్కన టేపుతో అంటించిన రెండు సన్నని యాంటెనా వైర్లు, ఒకటి తెలుపు, ఒకటి నలుపు. కార్డును ఏటవాలుగా దోపి కిందికి నొక్కితే అటూ ఇటూ క్లిప్పులు టక్కున పట్టుకున్నాయి. వైర్ల చివర్లు మాత్రం జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్‌లో పదో వంతు ఉన్నాయి. సూటిగా నిలబెట్టి గోటితో నొక్కింది. పని అయ్యాక ధర్మేంద్ర టార్చి ఆర్పి, "వచ్చేసింది," అన్నాడు. అంతే ఆయన చేసింది.

"సార్, ఆ కార్డు వేసింది నేను."

పరంధామయ్య నవ్వాడు. "మీ ఆయన్ని కాపాడుకోవాలనుకోవడం సహజం. కానీ నువ్వు... లాప్‌టాప్ విప్పావా?"

ఆమెకు తాళాలు విప్పడం, బాంబు వైర్లు కోయడం నేర్పించింది ఆయనే.

"సరే, ఇది కూడా విను. మన ఏజెంట్ మహిత రిపోర్టు. ఇందాక మీ ఆయన మేడం అన్నది ఈమెనే. రెండేళ్లుగా ఆ ముఠా లోపల మన కోసం పనిచేస్తోంది. మీ జిల్లా అమ్మాయే, ఐరాల." మళ్లీ టేప్ నొక్కాడు. తేనెలాంటి గొంతు. "నా కండ్ల ముందరే కార్డు ఏసినాడు సార్. కాణిపాకం సామి మీద ఒట్టు."

నందిని టేప్ ఆపింది. "ఆమె ఐరాల మనిషి కాదు."

"యాస అచ్చం అదేగా?"

"యాస నేర్చుకోవచ్చు సార్. ఐరాలకు కాణిపాకం పక్కనే. అక్కడ ప్రమాణం అంటే కోనేట్లో మునిగి, తడి బట్టలతో స్వామి ముందు నిలబడి చెప్పే మాట. పొలం తగాదాల్లో ప్రమాణానికి పిలిస్తే, నిజం తమ వైపున్నా వెనక్కి తగ్గే వాళ్లున్నారు. మా నాయన తన హక్కున్న బావి వాటా వదులుకున్నాడు కానీ ఆ గుడి మెట్టెక్కలేదు. ఐరాల ఆడబిడ్డ నోట్లో ఆ ఒట్టు ఇంత తేలిగ్గా పలకదు. పైగా ఆమె కళ్ల ముందు వేయడమేంది? వేసింది నా వంటింట్లో. కార్డు ఇచ్చింది ఆమే అయ్యుంటుంది. ఫైల్ ఆమె తీసుకుంటుంది, జైలుకు ఈయన పోతాడు."

పరంధామయ్య చాలాసేపు ఒక గాజును వేలి చుట్టూ తిప్పాడు. "నీ మాటే నిజమైతే, శత్రువు కార్డును మన ఏజెంటే బిగించిందని నేను రాయాలి. ఆ తర్వాత నిన్ను శాఖలో ఉంచరు."

"రాసుకోండి సార్."

ఆయన గాజుల డబ్బా అడుగు నుంచి ఒక కార్డు తీశాడు. చూడటానికి అదే కార్డు. పంపేది మాత్రం ఉత్త చెత్త ఫైల్. దాన్ని అందుకున్న రిసీవర్ ఎక్కడుందో కోట బయట వ్యాన్‌లో కాచుకునే శాఖ మనుషులకు పట్టిస్తుంది. కాటుక డబ్బా మూత తిప్పితే చిన్న స్క్రూడ్రైవర్. ఇక మారువేషం: రబ్బరు గుండు, దాని మీద గంధం, వెలిసిన పసుపు చీర. తిరుపతి చుట్టుపక్కల గుండును ఎవరూ రెండోసారి చూడరు.

చంద్రగిరి కోటలో రాజమహల్ ముందు పచ్చిక మీద ఎండ వాలుతోంది. ధర్మేంద్ర కొత్త చొక్కా వేసుకుని, లాప్‌టాప్ బ్యాగుతో గోడ నీడన కూర్చున్నాడు. పక్కనే గుండుతో కూర్చున్న నందిని మొహం చూశాడు. గుర్తుపట్టలేదు. గుండు మీద పడ్డ శ్రమ అనవసరమేమోనని ఆమెకు అనిపించింది.

గేటు బయట కారు హారన్ మోగింది. ధర్మేంద్ర జుట్టు సవరించుకుని లేచాడు.

"ఏమ్మా, ఈ బ్యాగు రవ్వంత సూస్తా ఉండు. మేడంకు టికెట్ తీసకొస్తాను. దాన్ని ముట్టుకోవద్దు, కరెంటు మెషీను."

"అట్లే నాయనా," అంది నందిని గొంతు మార్చి.

ఆయన మలుపు తిరగ్గానే లాప్‌టాప్ ఆమె ఒళ్లోకి వచ్చింది. బ్యాటరీ తీసింది. కుళాయి లేదు, కోట ఇనుప కమ్మీని ముట్టుకుంది. అరిగిన స్క్రూ మొరాయించింది. మొండి మనుషులతో కాపురం చేసిన చెయ్యి కాబట్టి ఒత్తిపట్టి నిదానంగా తిప్పింది, ఊడింది. రెండు వైర్లు పైకి లాగింది. క్లిప్పులు విడదీస్తే కార్డు పైకి లేచింది. కొత్తది ఏటవాలుగా దోపి నొక్కింది. టక్. తెల్ల వైరు పట్టుకుంది. నల్ల వైరు జారింది. మళ్లీ జారింది.

మలుపు దగ్గర మహిత నవ్వు వినిపించింది.

ఊపిరి బిగబట్టి గోటితో నొక్కింది. పట్టుకుంది. మూత, బ్యాటరీ, బ్యాగు. స్క్రూ బిగించే టైం లేక దాన్ని నోట్లో వేసుకుంది.

మహిత ఆవ పువ్వు రంగు షిఫాన్ చీరలో, నల్ల కళ్లద్దాలతో వచ్చింది. పచ్చిక మీద కూడా ఆమె హైహీల్స్ తూలలేదు. "ఆన్ చెయ్యండి సార్, మీ పనితనం సూద్దాం."

ధర్మేంద్ర ఆన్ చేశాడు. మహిత చెయ్యి వ్యానిటీ బ్యాగులోకి వెళ్లింది. లోపల ఏదో సన్నగా కూసింది. ఆమె పెదవుల మీద నవ్వు విచ్చుకుంటుండగా, వేరుశెనక్కాయలు అమ్ముతున్న మనిషి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పరంధామయ్య. వెనక నలుగురు.

"బ్యాగులో రిసీవర్ ఉంది మహితా. ఈ పూట నీకు అది మేమివ్వలేదే?"

ఆమె తడబడలేదు. "నేను మీ మనిషినే సార్. ఆ కార్డు ఏసింది ఈయన. అడగండి."

"అవును, నేనే వేసినాను," అన్నాడు ధర్మేంద్ర ఛాతీ విరిచి. అది ఉరితాడని ఆయనకింకా తెలియదు.

పరంధామయ్య ఆ రోజు నేర్చుకున్న పాఠాన్ని వెంటనే ధర్మేంద్ర మీద వాడాడు. "కాణిపాకం పోయి ప్రమాణం చేస్తావా?"

"ఒట్టు, నేను చేస్తాను," అంది మహిత గబుక్కున.

ధర్మేంద్ర విరిచిన ఛాతీ దించాడు. చుట్టూ చూసి, పరంధామయ్య చెవి దగ్గరికి వంగి, కానీ నందినికి స్పష్టంగా వినపడేంతగా అన్నాడు. "నేను వెయ్యలేదు సార్. మా ఇంట్లో ఆమె వేసింది. ఈ మేడమే కార్డిచ్చింది. ఎవురికీ సెప్పొద్దండి సార్, పరువు పోతాది."

పరంధామయ్య గోడ వైపు, గుండుతో కూర్చున్న మనిషి వైపు ఒక్క క్షణం చూశాడు. మహితకు సంకెళ్లు పడ్డాయి. ధర్మేంద్రను ఇంటికి పొమ్మన్నారు.

శనివారం ఫోన్ వచ్చింది. "అమ్మా, ఇక మీ సైజు గాజులు రావు," అన్నాడు పరంధామయ్య. ఇంకేదో అనబోయి పెట్టేశాడు. పదహారేళ్ల ఉద్యోగానికి వీడ్కోలు సభ అంతే.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. ధర్మేంద్ర కోట కథ మళ్లీ మొదలుపెట్టాడు.

"ఆమె కారు దిగినప్పుడే నేను కనిపెట్టినాను మా. పోలీసోళ్లు నన్ను తెగ మెచ్చుకున్నారు."

"మా అబ్బయ్య సిన్నప్పట్నుంచీ అంతే," అంది రాఘవమ్మ.

నందిని ఇద్దరికీ పప్పు వడ్డించి, తన కంచం ముందు కూర్చుంది.

"రేపట్నుంచి బైరాగిపట్టెడలో అంగడి తెరస్తా ఉండాను. కంప్యూటర్లు, లాప్‌టాప్‌లు విప్పి బాగుచేసేది. గది మాట్లాడినాను. బోర్డు నా పేరుతో రాయించినాను."

రాఘవమ్మ ముద్ద చేతిలోనే ఆగింది. "ఆడమనిషి స్క్రూలిప్పే అంగడికి ఎవురొస్తారే?"

"వస్తారత్తా. తల అరగదీసుకున్నోళ్లు ఊర్లో తక్కువ లేరు."

ధర్మేంద్ర మొహం చిన్నదైంది. "నాతో ఒక్క మాటన్నా సెప్పకపోతివే," అన్నాడు.

తనకు తెలియకుండా ఆ ఇంట్లో జరిగిన పని ఇదొక్కటేనని బాధపడి, మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.