కుదురుకున్న గాలి

ఆదివారం మధ్యాహ్నం. అంత పెద్ద ఆఫీసు భవనంలో మేనేజరు, నేను, మా తమ్ముడు తప్ప మరో మనిషి లేడు. గాలి ఆడని చోట గాలి ఆడించడం మా అక్కాతమ్ముళ్ల పని. వాడు ఫ్యాన్లు బిగిస్తాడు, గాలి వేగం కొలుస్తాడు. ఆ గాలి ఎటు పోతుందో నేను కంప్యూటర్లో లెక్కగట్టి చూపిస్తాను.

ఆ భవనం కింద సెల్లారు ఉంది. కాపలావాళ్లు ఒకరి తర్వాత ఒకరు పని మానేశారు. అక్కడ కూర్చుంటే మెడ మీద ఎవరో ఊపిరి వదిలినట్టు ఉంటోందట.

"గాలి సమస్య అని రాసి సంతకం పెట్టండి. అంతకుమించి మీ తెలివితేటలు నాకొద్దు," అన్నాడు మేనేజరు. మమ్మల్ని చూసిన దగ్గర్నుంచీ అతని మొహం ఆముదం తాగినట్టే ఉంది.

నేను పై గదిలో లాప్‌టాప్ తెరిచాను. తమ్ముడు కొలిచే పరికరం చంకలో పెట్టుకుని, ఫోనులో నాతో మాట్లాడుతూనే కిందికి దిగి అక్కడి ఫ్యాన్లు వేశాడు.

మా లెక్క రెండు అంచెల్లో నడుస్తుంది. ఫ్యాన్లు చాలాసేపు తిరిగాక గాలి కుదురుకుని ఏ దారిన పారుతుందో ముందు లెక్క కట్టిస్తాం. అందులో కాలం ఉండదు. ఫొటోలాంటిది. తర్వాత ఆ ఫొటోనే మొదలుగా పెట్టి కాలాన్ని కదిలిస్తాం. అలా కాకుండా కదలని గాలితో మొదలుపెట్టామా, అది కుదురుకునేసరికే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఫొటో ముచ్చటగా వచ్చింది. ఖాళీ సెల్లారు, వరసగా స్తంభాలు, దువ్విన జుట్టులా గాలి పారే నీలం గీతలు. కాలాన్ని వదిలాను.

గీతలు సన్నగా వణికాయి. అది మామూలే. కాసేపటికి సెల్లారు చివర, రెండు స్తంభాల మధ్య ఖాళీ నేల మీద గాలి చీలింది. చీలి, కుడికొకటి ఎడమకొకటి సుడులు విడవసాగింది. ఏట్లో నిలబడ్డ మనిషి వెనక నీళ్లు తిరిగినట్టు.

అక్కడ అడ్డుగా నేను ఏమీ గీయలేదు.

"ఒరేయ్, చివర స్తంభాల దగ్గర ఏమైనా ఉందా?"

"బూజుంది. మూటగట్టి తెమ్మంటావా?" నవ్వాడు తమ్ముడు.

ఎక్కడో తప్పు దొర్లిందనుకున్నాను. లెక్క ఆపేసి, అదే ఫొటోతో మళ్లీ మొదలుపెట్టాను. అదే మొదలు, అవే ఫ్యాన్లు. అచ్చంగా అలాగే రావాలి. రాలేదు. ఈసారి గాలి ఇంకాస్త ఇవతల చీలింది. మళ్లీ ఆపాను. మళ్లీ మొదలుపెట్టాను. మరింత ఇవతల...

లెక్క ఆపుతున్నాను గానీ, అది ఆగట్లేదు.

"ఎక్కడున్నావురా?"

"నడిమధ్యన. పెద్ద ఫ్యానుకి ఎదురుగా."

తెర మీద చీలిక కూడా అక్కడికే వచ్చింది.

"పైకి వచ్చెయ్."

"ఉండక్కా, అంకె చదవనీ..." వాడు ఆగాడు. ఫోన్లో ఫ్యాను హోరు. "సున్నా చూపిస్తోందేంటి?"

"ఫ్యాను ఆగిందా?"

"తిరుగుతోంది. నాకే తగలట్లేదు. ఎదురుగా... ఎవరో అడ్డం నిలబడ్డట్టు."

నేను కుర్చీలోంచి లేచాను.

"అక్కా..." వాడి మాట గుసగుసలోకి దిగింది. "తడిసిన బూడిద వాసన."

"పరిగెత్తరా!"

"నోరు తెరవమంటోంది."

అంతే. తర్వాత ఫ్యాను హోరు తప్ప ఏమీ వినపడలేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. సెల్లారు తలుపు మూసి ఉంది. బయట గడియ. దానికి వీపు ఆనించి మేనేజరు నిలబడ్డాడు.

"ఎందుకు వేశావ్? లోపల మా తమ్ముడున్నాడు!"

"కాసేపు ఆగండి."

"తప్పుకో!"

"చెప్తున్నాను కదా, ఆగండి." అతని కళ్లు నేల చూస్తున్నాయి. "లోపల ఎవరో ఒకరుంటే అది పైకి రాదు."

అతన్ని రెండు చేతులా తోసేశాను. గడియ లాగాను.

మసక చీకటి. తడి బూడిద వాసన. పెద్ద ఫ్యాను ముందు మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. నోరు బార్లా తెరిచి. దవడలు అదురుతున్నాయి. పిలిస్తే పలకలేదు. చెయ్యి పట్టి లాగితే మాత్రం చిన్నపిల్లాడిలా వెంట వచ్చాడు. గడప దాటగానే నోరు మూసుకున్నాడు.

మేనేజరు ఒకసారి మా తమ్ముడి మొహంలోకి చూశాడు. తర్వాత ఖాళీ సెల్లారులోకి చూశాడు. మొదటిసారి అతని మొహం తేటపడింది. తలుపు బార్లా వదిలేసి, ఈల వేసుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు వాడి గుండె చూశాడు, ఊపిరితిత్తులు చూశాడు. "భయపడ్డాడంతే. పడుకోనివ్వండి," అన్నాడు.

ఇంటికి రాగానే వాడు సోఫాలో ఒరిగి నిద్రపోయాడు. ఇంకా పొద్దు గుంకలేదు. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. హమ్మయ్య అనుకున్నాను. పీలుస్తున్నాడు. ఇంకా పీలుస్తున్నాడు... వదలడం కోసం చెవులు రిక్కించాను.

వదల్లేదు.

వాడి ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టాను. చల్లటి గాలి నా వేళ్ల సందుల్లోంచి వాడిలోకి పోతోంది. ఒకే వేగంతో. ఆగకుండా.