తొమ్మిదో నంబర్ పాప

టక్. టక్. మధ్యలో ఒక మూలుగు. మళ్లీ టక్.

క్లినిక్‌లో మందుల ఫ్రిజ్ వెనుక కూర్చున్న మెకానిక్ తల ఎత్తకముందే లెక్కపెట్టాడు. ఆరడుగుల దూరానికి ఇరవై టక్కులు. ఆ తరువాతే ఇనుప వాకర్ కనిపించింది, దాన్ని పట్టుకున్న వాచిన వేళ్లు కనిపించాయి. తొమ్మిదేళ్ల నాగరాణి. మణికట్టుకు పట్టీ: 17.

మెకానిక్ అసలు పేరు ధనుంజయ్. సీక్రెట్ ఏజెంట్. 2010 మార్చి, సూర్యాపేట.

నిన్నటి బ్రీఫింగ్‌లో చీఫ్ పళ్లు కొరుకుతూ చెప్పాడు: "పిల్లల కీళ్లవాతానికి కొత్త మందంటూ ఓ విదేశీ ముఠా అనుమతి లేని ప్రయోగం, దొంగ ట్రయల్ నడుపుతోంది. మిర్యాలగూడలో తొమ్మిదో నంబర్ పాప చనిపోతే, 'తానే ట్రయల్ నుంచి తప్పుకుంది' అని రాసి, పేరున్న కాగితం కాల్చేశారు. అదే బ్యాచ్ మందు రేపు పదకొండింటికి సూర్యాపేటలో. సూది ఆపు. చనిపోయిన పాప పేరు కనుక్కో. పేరు లేకుంటే కేసు లేదు. ముఠాలో చేరిన మన ఏజెంట్ స్రవంతి నుంచి నెలగా కబురు లేదు."

10.56.

పట్టుచీర, హైహీల్స్, గంధపు పరిమళం. ట్రయల్ కోఆర్డినేటర్ స్రవంతి ఫ్రిజ్ దగ్గరికి వచ్చింది.

"కంప్రెసర్ వేడెక్కింది మేడమ్."

"కోదాడ నుంచి మంచు తెప్పిస్తాను."

కోడ్ సరిపోయింది. ధనుంజయ్ ఊపిరి పీల్చుకున్నాడు. మరుక్షణం హ్యాండ్‌బ్యాగ్ చాటు పిస్టల్ అతని మెడకు ఆనింది.

"కదలకు. నేనిప్పుడు వాళ్ల మనిషిని."

ట్రయల్ నడిపే విదేశీ డాక్టర్ బ్రెనర్ సిరంజి నింపాడు. "సెవెంటీన్, రెడీ?"

"దానికి పేరున్నది సారూ!" అంది నాగరాణి తల్లి ముత్తమ్మ. మోతె ఊళ్లో గొర్రెలు కాచే మనిషి. "జర ఆగుండ్రి. మా మందకు సూదులేసేటప్పుడు ఒక్క గొర్రె పడిపోయినా మిగిలినయాటికి ఆపుతం. మీరేసిన పిల్లలల్ల ఎవలన్న పడిపోయిన్రా?"

"ఏమంటోంది?" అన్నాడు బ్రెనర్ ఇంగ్లిష్‌లో.

"ఎవరైనా చనిపోయారా అని అడుగుతోంది," అంది స్రవంతి.

"నో అని చెప్పు."

స్రవంతి నాగరాణి పట్టీ మీది 17 వైపు చూసింది.

"గొర్రెకున్న ఇలువ గూడ నా పిల్లకు లేదా?" ముత్తమ్మ గొంతు లేచింది. "జెప్పవేంది!"

సూది మొన నాగరాణి చర్మాన్ని తాకింది. స్రవంతి పిస్టల్ ధనుంజయ్ మెడను వదిలి బ్రెనర్ వైపు తిరిగింది.

"డ్రాప్ ఇట్, డాక్టర్!"

ఒక్క దూకుతో ధనుంజయ్ సిరంజి లాగేశాడు. కరెంటు కొలిచే అతని మల్టీమీటర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ ప్రతి మాటనూ వీధిలోని పోలీసు జీపుకు అప్పటికే అందించింది. మెట్లమీద బూట్లు మోగాయి.

"ఎవర్రా నువ్వు?" ఇంగ్లిష్‌లో అరిచాడు బ్రెనర్.

"మెకానిక్‌ని. ఫ్రిజ్ భేషుగ్గా ఉంది డాక్టర్. కుళ్లినవన్నీ బయటే ఉన్నాయి."

విషయం అర్థమైన ముత్తమ్మ మాత్రం స్రవంతి వైపు తిరిగింది. "పడిపోయిన పిల్ల పేరేంది బిడ్డా?"

స్రవంతి పిస్టల్‌ను బల్లమీద పెట్టింది.

"తప్పుకుంది అని రాసింది నేనే. మఠంపల్లి కూలీ యేసయ్య కూతురు. ఏడేళ్లు." పేరు మాత్రం గట్టిగా పలికింది.

"ఎస్తేరు."